తొమ్మిది ఆనప గింజలు

"రాత్రి కప్పుకున్న దుప్పటి తెల్లారేసరికి కాళ్ల కాడికి ఎల్లిపోవాల. అలా వరసగా మూడు రోజులు ఎల్లిందంటే నేల్లో సలి పోయిందని లెక్క. అప్పుడెయ్యి ఇత్తనం. ఈలోగా తొందరపడీకు" అని మామ్మ మరీ మరీ చెప్పి వెళ్లింది.

అందుకని డెబ్బై తొమ్మిది జనవరి అంతా జయశీల కళ్లు తెరవగానే మొదట దుప్పటి ఎక్కడుందో చూసుకునేది. గడ్డం దాకా ఉంటే ఉసూరుమనేది. మోకాళ్ల దగ్గరుంటే, ఇంకాసేపు పడుకుంటే కిందికి జారుతుందేమోనని మళ్లీ కళ్లు మూసుకునేది. "బడికి ఎల్లవా?" అని తల్లి ఫ్లోరెన్సు అరిస్తేగానీ లేచేది కాదు.

మామ్మ అంటే తండ్రి తల్లి, కృపావతి. క్రిస్మస్‌కి వచ్చి, వెళ్తూ వెళ్తూ చీర కొంగు ముడి విప్పి, పాత గుడ్డముక్కలో కట్టిన తొమ్మిది ఆనప గింజలు జయశీల చేతిలో పెట్టింది. ఊళ్లో ఉన్న రోజుల్లో ఆ గింజల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఎండిన ఆనప బుర్ర నిండా ఉండేవి. ఆ బుర్ర పొయ్యి పైన దూలానికి వేలాడుతూ పొగ తాగేది. గాజువాక అవతల వాళ్ల ఊరి భూములు ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక, ఊరు ఊరంతా నాలుగు చోట్లకి సర్దుకుంది. సామాన్లు బళ్లకెత్తిన రోజున వాన. బుర్రలు తడిశాయి. లోపలి గింజలు బూజు పట్టాయి. ఒక్క ఇల్లని కాదు, అందరివీ అంతే. మామ్మ తన బుర్రలోవి కడిగి, ఎండబెట్టి, నీళ్లలో వేసి, తేలినవి పారబోస్తే మునిగినవి తొమ్మిది మిగిలాయి.

"మనూరోళ్లు పదమూడిళ్ల వోళ్లు అడిగేరే నన్ను" అంది మామ్మ. "నానుండే కాలనీల గునపం దిగదు, అంతా గులకరాయే. నీ పందిరి మీద కాయ పండి, ఎండి, గింజ సేతికొచ్చేక ఇంటికి నాలుగేసి పంచుతాను. ఆరు ఎయ్యి. మూడు దాసుకో. ఇంట్ల ఇత్తనం నిండుకోకూడదు."

ఆ ఆనపకాయకి మెడ కాస్త వంకర. రోహిణి కార్తెలో ఎండ నడినెత్తిన కాస్తున్నా తీగ తల వాల్చదు. చేదన్న మాట లేదు. మామ్మకి పెళ్లయి వచ్చినప్పుడు వాళ్లమ్మ ఒడిలో పోసిన విత్తనం అది. ఇన్నేళ్లలో ఒక్క ఏడాది కూడా పందిరి ఖాళీగా ఉండలేదు. పోయిన ఏడాది ఉంది.

జయశీలకి పదిహేనేళ్లు. ఊరి బడిలో ఎనిమిది దాకా చదివి, వేసవి సెలవులయ్యాక కంచరపాలెంలో తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేసింది. తండ్రి జ్ఞానశేఖర్ రైల్వే లోకో షెడ్డులో కలాసీ. తల్లి సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గర ఆయా. పట్టాలకి రెండు వీధుల ఇవతల త్రినాథరావుగారింట్లో వెనకభాగం వాళ్లది. ఒక గది, ఒక వరండా, పైన సిమెంటు రేకు. పెరట్లో నూతి పక్కన మంచం పట్టేంత జాగా ఉంటే, ఆనప పాదు పెట్టుకుంటామని తండ్రి అడిగాడు. త్రినాథరావుగారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. "పెట్టుకోండి. మొదటి కాయ మాత్రం నాదే" అన్నారు.

జయశీల నోట్లోంచి మాట రావడమే కష్టం. పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని పాపాయమ్మ వీధిలోకి వచ్చేది. "పిలిసి ఆపవే" అని తల్లి గదిలోంచి అరిచేది. జయశీల గుమ్మంలో నిలబడి నోరు తెరిచి, గొంతు సవరించుకుని, ఎలా పిలవాలో ఆలోచించుకునేలోపు పాపాయమ్మ గేటు దాటి, పట్టాలు దాటి వెళ్లిపోయేది. ఆ పూటకి పప్పుచారే.

"పిల్లకి నోరిచ్చి మాట ఇవ్వలేదు దేవుడు" అనేది ఫ్లోరెన్సు.

"ఊరుకోవే. ఊళ్లో మా అమ్మతో గంటలు గంటలు మాటాడీది" అనేవాడు జ్ఞానశేఖర్.

జనవరి ఇరవయ్యో తారీకున దుప్పటి కాళ్ల దగ్గరుంది. ఇరవయ్యొకటిన కూడా. ఇరవైరెండున ఏకంగా మంచం కిందికి జారిపోయి ఉంది. ఆ సాయంత్రమే ఆరు గింజల్ని గోరువెచ్చని నీళ్లలో నానేసింది. మర్నాడు తడిగుడ్డలో మూటకట్టింది. నూతి పక్కన ఆరు గుంటలు తవ్వి, మెత్తని పేడ ఎరువు కలిపి, మొన దిగువకి ఉండేలా ఒక్కో గింజా గుచ్చింది. మామ్మ చేసేటప్పుడు వెనకాలే నిలబడి చూసిన పనే. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఒక్క సంగతే ఆమెకి తట్టలేదు. మామ్మ ఎప్పుడూ పడుకునేది ఊళ్లో, వసారాలో, ఆరుబయట గాలికి. ఇక్కడ ముగ్గురూ ఒకే గదిలో, దోమలకి తలుపు బిగించుకుని, మూలన ఇంకా ఎర్రగా కణకణలాడే కుంపటి పక్కన. దుప్పటి జారదూ మరి?

వరండా గోడ మీద బొగ్గుముక్కతో రోజుకో గీత గీసింది. మొదటిరోజే నాలుగుసార్లు వెళ్లి చూసింది. రెండో రోజు బడి నుంచి పరుగున వచ్చి పుస్తకాలు అరుగు మీద పడేసి నేరుగా నూతి దగ్గరికే. మట్టి ఎక్కడైనా నెర్రె విచ్చిందా? ఎక్కడైనా ఉబ్బిందా? ఏమీ లేదు. గొంతుక్కూర్చుని చెంప నేలకి ఆనించి ఏటవాలుగా చూసింది. అయినా ఏమీ లేదు. నీళ్లు పోసింది. ఎక్కువయ్యాయేమోనని భయం వేసింది. తెల్లారి లేస్తే మట్టి చల్లగా, తడిగా, మొద్దులా అలాగే ఉంది.

"రోజుకి పదిసార్లు సూస్తే దానికి సిగ్గేసి బయటికి రాదే" అన్నాడు తండ్రి అన్నం తింటూ.

"అదీ ఈ పిల్లలాంటిదే అయ్యుంటాది. పిలిస్తే పలకదు" అంది తల్లి.

నవ్వాలనిపించింది గానీ రాలేదు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. పదమూడిళ్లు. మామ్మ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన పదమూడిళ్లు.

ఆరో గీత గీసిన రోజున ఇక ఉండబట్టలేకపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. చీపురుపుల్లతో ఒక గుంటలో మట్టి మెల్లిమెల్లిగా తొలిచింది. గింజ కనబడలేదు. ఇంకాస్త తొలిచింది. పుల్లకి ఏదో మెత్తగా తగిలింది. వేలితో ఎత్తి చూస్తే, గింజ నోరు తెరిచి ఉంది. అందులోంచి బయటికొచ్చిన తెల్లటి వేరు, సగం దాకా విరిగి వేలాడుతోంది.

బతికే ఉంది. ఈ నిమిషం దాకా బతికే ఉంది.

గింజని మళ్లీ మట్టిలో పెట్టి కప్పేసింది గానీ, అది ఇక రాదని ఆమెకి తెలుసు. అప్పుడైనా ఆగితే బాగుండేది. ఆగలేదు. ఒకటి పోయింది, మిగతావి మాత్రం వస్తాయని నమ్మకమేంటి అనుకుంది. లోపలికెళ్లి, ట్రంకుపెట్టెలో బైబిలు కింద దాచిన గుడ్డముక్క తీసి, మిగిలిన మూడు గింజల్నీ కూడా నానేసింది. మర్నాడు పొద్దున్నే పక్కన మరో మూడు గుంటలు తవ్వి వేసేసింది. ట్రంకుపెట్టెలో గుడ్డముక్క ఖాళీగా మిగిలింది.

ఇంట్లో విత్తనం నిండుకుంది.

ఇంకో నాలుగు రోజులకి మట్టి నెర్రెలిచ్చింది. ముందు వేసిన వాటిలో మిగిలిన అయిదూ వచ్చాయి. తరవాత వారానికి వెనక వేసిన మూడింట్లో రెండొచ్చాయి. మొత్తం ఏడు. మెడలు వంచి, గింజ తొక్కల్ని టోపీల్లా పెట్టుకుని, ఒక్కొక్కటే తలెత్తాయి. ఆ రోజు జయశీల బడికి వెళ్తూ దారంతా నవ్వుకుంటూ నడిచింది. సాయంత్రం పోస్టుకార్డు రాసింది. మామ్మకి చదువు రాదు, కాలనీ చర్చిలో పాస్టరుగారు చదివి వినిపిస్తారు. "మామ్మా, ఆనప మొలిచింది. బాగుంది. నువ్వేమీ బెంగ పెట్టుకోకు."

రెండేసి ఆకులు వేశాయి. మూడో ఆకు విప్పుకుంటుండగా ఒకరోజు పొద్దున ఆకుల మీద చిల్లులు కనిపించాయి. దగ్గరికి వంగి చూస్తే, బియ్యపుగింజంత ఎర్ర పెంకు పురుగులు. చెయ్యి పెడితే ఎగిరిపోయేవి. చెయ్యి తీస్తే మళ్లీ వాలేవి. ఒక ఆకు అప్పటికే జల్లెడ అయిపోయింది.

దీనికి మందేంటో జయశీలకి బాగా తెలుసు. ఊళ్లో మామ్మ మంచు ఆరకముందే పొయ్యిలోంచి చేటలోకి బూడిద ఎత్తుకుని, గుప్పెడు గుప్పెడు ఆకుల మీద దులిపేది. పురుగు దరిదాపులకి వచ్చేది కాదు. జయశీల కుంపటి కింద పేరుకున్న బూడిదంతా చేటలోకి ఎత్తింది. ఏడు మొక్కల మీదా చల్లింది. ఆకులు తెల్లబడి చక్కగా కనిపించాయి.

బడిలో ఉన్నంతసేపూ మనసు నూతి దగ్గరే. లెక్కల మాస్టరు పేరు పెట్టి పిలిచినా వినబడలేదు. సాయంత్రం వచ్చి చూస్తే పురుగులు మళ్లీ ఉన్నాయి. రెండే ఉన్నాయి, కానీ ఉన్నాయి. చాలలేదేమో అనుకుంది. మర్నాడు పొద్దున ఈసారి దండిగా, ఆకుల మీదా కాండం చుట్టూ మొదట్లోనూ పోసింది. దాని మీద చెంబెడు నీళ్లు కూడా పోసింది, బూడిద లోపలికి దిగుతుందని.

మూడో రోజుకి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. నాలుగో రోజుకి కాలిన కాగితాల్లా ముడుచుకున్నాయి. అయిదో రోజు పొద్దున ఏడు మొక్కలూ మొదలు దగ్గర సన్నబడి నేలకి వాలిపోయి ఉన్నాయి.

ఆ రోజు శనివారం. తల్లి డ్యూటీకి వెళ్లింది. జయశీల గేటు దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుని నిలబడింది. ఏడవడానికి కూడా రావడం లేదు. పాపాయమ్మ గంపతో వస్తూ ఆ మొహం చూసి తనే ఆగింది.

"ఏటే గుంటా, మొకం అలాగున్నాది? మీయమ్మ కొట్టీసిందేటి?"

జయశీల తల అడ్డంగా ఊపింది. చెయ్యెత్తి పెరటివైపు చూపించింది. పాపాయమ్మ గంప అరుగు మీద దింపి, చుట్టకుదురు చేతిలో పట్టుకుని పెరట్లోకి నడిచింది. వంగి, చిటికెడు బూడిద తీసి వేళ్ల మధ్య రాసింది.

"ఓలమ్మో! ఇది ఏ పొయ్యిల బూడిదే?"

"మా... మా కుంపట్లోదే."

"పట్టాల పక్కన ఏరిన రాకాసి బొగ్గు కాదేటి అది! దీన్ని మొక్క మీద ఎయ్యచ్చేటి? ఇది బూడిద కాదే తల్లీ, కొరివి. మాయి సరుగుడు పుల్లలు. ఆ బూడిద ఎయ్యాల. పేడపిడక బూడిద ఎయ్యాల. ఇదేస్తే మొక్కేటి, మడిసైనా మాడిపోతాడు. ఎవులు సెప్పేరు నీకు ఎయ్యమని?"

"మా మామ్మ" అంది జయశీల. ఊళ్లో పొయ్యిలోకి తాటాకు, కంపలు, పిడకలు. రాకాసి బొగ్గు ఎలా ఉంటుందో కూడా మామ్మకి తెలీదు. ఇక్కడి బూడిదా అదే రంగులో ఉంది. ముట్టుకుంటే అలాగే మెత్తగా ఉంది.

"పోనీలే. ఏడవకు" అంది పాపాయమ్మ. "ఆ మట్టంతా తవ్వి అవతల పారీ. గెడ్డ ఒడ్డు మట్టి అట్టుకొచ్చి నింపు. పూర్ణా మార్కెట్ల ఇత్తనాల కొట్టుంది, సోమారం వొచ్చినప్పుడు ఆనపిత్తనాలు అట్టుకొచ్చి ఇస్తాను. మా సరుగుడు బూడిద కూడా డబ్బాడు తెస్తాను. ఆనపకి ఏటి కరువు?"

జయశీల తలూపింది.

"మీ మామ్మకి సెప్పీ ముందు."

"ఆఁ" అంది జయశీల. ఆ ఒక్క అక్షరం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పాపాయమ్మ మాట తప్పలేదు. మార్కెట్టు గింజలు లావుగా, ఒకే తీరున, అచ్చుపోసినట్టు ఉన్నాయి. కాలిన ఏడు గుంటల మట్టీ తవ్వి పోసి, గెడ్డ వాగు ఒడ్డున మట్టి తట్టల్తో మోసుకొచ్చి, ఏడు గింజలు వేసింది. వేసిన మర్నాడు పొద్దున చూస్తే, వెనక వేసిన మూడు గుంటల్లో చివరిది, ఎప్పటికీ రాదనుకుని వదిలేసినది, నూతి గోడ నీడలో ఉన్నది, ఆ గుంట నెర్రె విచ్చింది. అందులో ఏమీ లేదని ఆ రోజు బూడిద చల్లలేదు. అదొక్కటీ మెడ వంచుకుని పైకొచ్చింది.

మామ్మది అదొక్కటే.

జయశీల దాని చుట్టూ నాలుగు పెంకుముక్కలు పాతింది. సరుగుడు బూడిద పల్చగా, గుడ్డలో కట్టి దులిపింది. కానీ నూతి గోడ నీడ వల్లో ఏమో అది బాగా వెనకబడింది. మార్కెట్టు మొక్కలు మాత్రం ఎవరో తరుముతున్నట్టు పెరిగాయి. పదిహేను రోజులకే పాకడం మొదలెట్టాయి. తండ్రి వెదుళ్లు తెచ్చి పందిరి వేశాడు. హార్బరు వైపు నుంచి గాలి వీచిన రోజున ఆకుల మీద సన్నగా ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము పడేది, జయశీల తడిగుడ్డతో ఏడు తీగల ఆకులూ తుడిచేది. మామ్మ మొక్క దగ్గరికొచ్చేసరికి రెండు ఆకులే తుడవడానికి.

మార్చిలో మామ్మ కబురు పంపింది. కాలనీ నుంచి హార్బరు పనికొచ్చే చలమయ్య గేటు దగ్గర సైకిలు ఆపి చెప్పాడు. "మీ మామ్మ మట్టలాదివారానికి వస్తందట. ఈలోగా పందిరి ఎక్కిందో లేదో కార్డు రాయమంది. మనోళ్లందరికీ సెప్పీసింది, జయ పాదు లేసిందని."

ఆ రాత్రి జయశీల కార్డు ముందేసుకుని కూర్చుంది. రెండు సార్లు కలం ఎత్తి దించింది. చివరికి రాసింది. "మామ్మా, తీగలు పందిరి ఎక్కాయి. నాన్న వెదుళ్లు వేశాడు. త్రినాథరావుగారు కూడా బాగుందన్నారు." ఒక్క మాట అబద్ధం లేదు. పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి తీయలేక కాసేపు అలాగే నిలబడింది.

ఆ రోజు నుంచి నిద్ర సరిగా లేదు. కాయ చూస్తే మెడ తిన్నగా ఉంటుంది, దొరికిపోతాను. కానీ కాయ వచ్చేలోపే మామ్మ వచ్చి వెళ్లిపోతుంది. వెళ్లిపోయాక? పండాక ఆ గింజలే పదమూడిళ్లకి వెళ్తాయి. పందిళ్లు వేస్తారు. నీళ్లు పోస్తారు. అప్పుడు కాయ చూస్తారు. తల్లితో చెప్పాలనుకుంది ఒకసారి.

"అమ్మా, ఈ ఆనప మామ్మది కాకపోతే ఏటవుతాది?"

"ఏటవుతాది? కాయ కాస్తే సాలు. పులుసులోకి ఏదైతే ఏటి?" అంది ఫ్లోరెన్సు, యూనిఫారం చీర ఉతుక్కుంటూ.

మట్టల ఆదివారం రానే వచ్చింది. చర్చిలో పిల్లలంతా కొబ్బరిమట్టలూ ఈతమట్టలూ ఊపుతూ పాడారు. జయశీల పెదవులు కదిపింది గానీ ఏం పాడిందో తెలీదు. బస్సు దిగి తిన్నగా చర్చికే వచ్చిన మామ్మ, ఆరాధన అయ్యాక చేతిలో ఈతాకు సిలువ పట్టుకుని, మిగతావాళ్లకంటే నాలుగడుగులు ముందు నడిచి, ఇంట్లోకి రాకుండా నేరుగా పెరట్లోకి వెళ్లింది. త్రినాథరావుగారు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు.

"రండమ్మా. మీ మనవరాలి చెయ్యి మంచిది. చూశారా, పువ్వు మొగ్గ కట్టేసింది. రెండు పిందెలు కూడాను."

మామ్మ పందిరి కిందికి వెళ్లింది. ఒక ఆకు తుంచి రెండు చేతుల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకుంది. ఇంకో తీగ దగ్గరికి వెళ్లింది. మళ్లీ నలిపింది. మూడోది నలపలేదు.

"మనాకు నలిపితే సెయ్యి జిడ్డోడుతాది" అంది నెమ్మదిగా. "ఇది ఉత్త నీరు. ఇది ఎవులిదే జయా?"

పెరట్లో అందరూ ఉన్నారు. తండ్రి, తల్లి, త్రినాథరావుగారు. అందరి కళ్లూ తన మీదే. అలాంటప్పుడు జయశీల కాళ్లు ఎప్పుడూ గదిలోకి పరిగెత్తేవి. ఈసారి కదల్లేదు. నోరు తెరిచింది. తెరిచాక ఆగలేదు. దుప్పటి సంగతి, పుల్లతో తవ్విన సంగతి, మూడు గింజలూ వేసేసిన సంగతి, పెంకు పురుగులు, కుంపటి బూడిద, మార్కెట్టు విత్తనాలు, కార్డు. ముందుది వెనక, వెనకది ముందు, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. పుట్టి బుద్ధెరిగాక అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడలేదు. ఫ్లోరెన్సు నోరెళ్లబెట్టింది.

మామ్మ నూతి గట్టు మీద కూచుంది.

"దుప్పటి జారినప్పుడు ఎక్కడ పడుకున్నావే?"

"గదిలో. కుంపటి పక్కన."

"అదీ! నాను వసారాల పడుకునీదాన్ని. ఆ మాట సెప్పలేదు." ఈతాకు సిలువని ఒళ్లో పెట్టుకుని దాని అంచు సవరించింది. "బూడిద ఎయ్యమన్నాను. ఏ బూడిదో సెప్పలేదు. మనూళ్ల రాకాసి బొగ్గెక్కడిది తెల్డానికి? నాకూ తెల్దు. నీ కాడుంటే నానూ అదే ఎత్తి ఏసీదాన్ని."

జయశీలకి ఏడుపొచ్చింది.

"ఆగు. బూడిద తప్పు నాది. కార్డుముక్క తప్పు నీది. పాస్టరుగారు సదివేక ఆ కార్డు అట్టుకుని పదమూడు గుమ్మాలు తిరిగేను నాను. ఆలకి ఏటి సెప్పమంటావ్ ఇప్పుడు?"

జయశీల కళ్లు తుడుచుకుని, పందిరి కిందనుంచి వంగి వెళ్లి, నూతి గోడ నీడలో పెంకుముక్కల మధ్య ఉన్న మొక్కని చూపించింది. జానెడు తీగ. పుల్లకి పురికొసతో కట్టి ఉంది. మామ్మ గబుక్కున లేచింది. ఆకు తుంచలేదు, వేలితో మెల్లిగా రాసింది. వేలు చూసుకుంది. బొటనవేలితో ఆ జిడ్డు రుద్దుకుంది.

"ఉన్నాదిరా శేఖరూ" అంది కొడుకుతో. "ఒక్కటైనా ఉన్నాది."

"ఒక్కటి సాలదేటమ్మా?" అన్నాడు జ్ఞానశేఖర్.

"ఒక్క కాయలో వందల గింజలుంటాయి. సాలదేటి?" అని, పందిరి వైపు తలెత్తి చూసి ఆగిపోయింది. "కానీ ఇయ్యి పక్కనుంటే ఎలగ? సాయంత్రం పువ్వు ఇచ్చుకుంటాది. ఈటి పుప్పొడి దాని మీద పడ్డాదంటే, కాయ సూడ్డానికి మనదే. లోపల గింజ మాత్రం కలిసిపోయినట్టే. పైయేడు ఏ మెడతో కాస్తాదో దేవుడికెరుక."

"అంటే?" అన్నారు త్రినాథరావుగారు అనుమానంగా.

"నాను పీకమనను బాబూ" అంది మామ్మ. "నీరు మోసింది జయ. మట్టి మోసింది అది. దాని ఇష్టం."

జయశీల పందిరి వైపు చూసింది. ఏడు తీగలు. రోజూ ఆకులు తుడిచిన తీగలు. మొగ్గలు సాయంత్రానికి విచ్చుకునేలా ఉన్నాయి. చూపుడువేలంత పిందె ఒకటి నూగుతో మెరుస్తోంది. వాటి తప్పేమీ లేదు. అవి మార్కెట్టులో పుట్టాయి, వేస్తే మొలిచాయి, పాకమంటే పాకాయి.

కింద కూర్చుని మొదటి తీగ మొదలు రెండు చేతులా పట్టుకుని లాగింది. తేలిగ్గా రాలేదు. గెడ్డ మట్టిలో బాగా దిగింది. కాలు తన్నిపెట్టి లాగితే వేర్లతో సహా వచ్చింది.

"ఒలే ఒలే! పిందె కట్టీసిందే! ఒక్కటైనా ఉంచే!" అని ఫ్లోరెన్సు పరుగెత్తుకొచ్చింది.

"మొదటి కాయ నాదని చెప్పాను కదమ్మా!" అన్నారు త్రినాథరావుగారు.

"ఆ కాయ మీదేనండీ. ఆలస్యంగా వస్తాది" అంది జయశీల, రెండో తీగ లాగుతూ. తను ఆయనతో మొదటిసారి మాట్లాడిందని ఆమెకి అప్పుడు తట్టలేదు.

మూడు. నాలుగు. అరచేతులు పచ్చగా అయిపోయాయి. మామ్మ చెయ్యి వెయ్యలేదు, వద్దనలేదు. తండ్రి మాత్రం పందిరి మీద చుట్టుకున్న కొసలు విప్పి కిందికి దించాడు. ఏడోది వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఫ్లోరెన్సు గొణుక్కుంటూ ఆ కుప్పలోంచి పిందెలు రెండూ ఏరి, లేత కొసలు కూడా తుంచి చేటలో వేసుకుంది. "కనీసం పులుసన్నా పెడతాను. పండగపూట పచ్చని మొక్కల్ని పీకిన ఇల్లు మనదే అయ్యుంటాది ఈ కంచరపాలెంల."

పందిరి వెలవెలబోయింది. వెదుళ్ల మధ్యనుంచి ఎండ నేరుగా నేల మీద పడింది. నూతి గోడ పక్కన జానెడు తీగ, దానికి ఇంత పందిరి దేనికన్నట్టు, పుల్లని పట్టుకుని ఉంది. ఇప్పుడు దానికీ ఎండ తగులుతోంది.

"ఎప్పుడు పూస్తాది మామ్మా?"

"మళ్లీ మొదలెట్టేవా?"

"చూడను. రోజుకి ఒక్కసారే చూస్తాను."

"సూస్తావ్ సూస్తావ్. పదిసార్లు సూస్తావ్" అని మామ్మ మొదటిసారి నవ్వింది. "సూడు. పుల్లతో మాత్రం తవ్వీకు. పదమూడిళ్లకీ నానెల్లి సెప్పుకుంటాను, పైయేడు దాకా ఓర్సుకోమని. తిట్టినోళ్లు తిడతారు."

సాయంత్రం మామ్మ బస్సెక్కి వెళ్లిపోయింది. ఈతాకు సిలువని పందిరి గుంజకి గుచ్చి వెళ్లింది.

మర్నాడు పొద్దున జయశీల లేచి దుప్పటి ఎక్కడుందో చూసుకోలేదు. తిన్నగా నూతి దగ్గరికి వెళ్లింది. లేత ఆకు మీద, అంచున, ఎర్ర పెంకు పురుగు ఒకటి. పక్కనే ఇంకోటి. చేత్తో తోలింది. ఎగిరి వెదురు మీద వాలి కూర్చున్నాయి, మళ్లీ రావడానికే. సరుగుడు బూడిద డబ్బా తెరిచి చూసింది. అడుగున గీకితే చిటికెడు కూడా లేదు.

వీధిలో "సేపలమ్మా సేపలూ" అని కేక. గుమ్మంలోకి వచ్చేసరికి పాపాయమ్మ అప్పుడే ఇంటి గేటు దాటి, పట్టాల వైపు చకచకా వెళ్లిపోతోంది. దూరంగా గూడ్సు బండి కూత వేసింది. ఆమె పట్టాలు దాటాక రైలు గేటు పడితే ఇక రేపటిదాకా దొరకదు.

జయశీల గొంతు సవరించుకోలేదు. డబ్బా చేత్తో పట్టుకుని వీధి మధ్యకి పరిగెత్తింది.

"పాపాయమ్మత్తా! ఓ పాపాయమ్మత్తో! ఆగు!"

వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. పాపాయమ్మ గంపతో సహా వెనక్కి తిరిగి, ఎవరా అన్నట్టు కళ్లు చికిలించి చూసింది.